కలువల మలుపు

ఓ పెద్దమనిషీ, నిన్నే. కాలు మీద కాలేసుకుని చదువుతున్నావు కదా, పక్కన టీ ఉందా? ఎవరు పెట్టారు? నువ్వే పెట్టుకున్నావా? చాల్లే, నేను నమ్మేశాను. మా మడుగులో మొసళ్ళు కూడా నమ్మేశాయి. సరే, అది చల్లారేలోపు మా మేనకోడలు నోలీన్ చేసిన పని చెప్తాను, విను. ఇందులో సగం ఆ పిల్ల నాకు తర్వాత చెప్పింది. మిగతా సగం దాని మొహం చూసి నేనే కనిపెట్టాను.

వానకు ముందు రోజులవి. మధ్యాహ్నమయ్యేసరికి మబ్బులు గుట్టలుగా పేరుకుంటాయి, ఉరుముతాయి, ఒక్క చుక్క రాలదు. చొక్కా వీపుకి అంటుకుపోతుంది. కుక్కలు నీడ కోసం కొట్టుకుంటాయి, మొగుడూ పెళ్ళాలు ఏ కారణమూ లేకుండానే కొట్టుకుంటారు. మడుగులో నీళ్ళు వెనక్కి తగ్గి చుట్టూ నల్ల బురద నెర్రెలు విచ్చుతుంది. అడవి బాతులన్నీ మిగిలిన నీటి దగ్గరికి చేరతాయి గానీ కుదురుగా ఉండవు. లేస్తాయి, వాలతాయి, మళ్ళీ లేస్తాయి. ఆ వారమంతా నోలీన్ కూడా అలాగే ఉంది. కూర్చుంటే లేవాలి, లేస్తే ఎటు పోవాలో తెలీదు.

ఆ పొద్దున సూర్యుడు రాకముందే రొట్టెకి పిండి కలుపుతోంది. పట్నం నుంచి బస్సులో వచ్చే టూరిస్టులకి మధ్యాహ్నం నిప్పుల్లో కాల్చి పెట్టే రొట్టె. అది కాక నిన్నటి కప్పులు కడగాలి, పడవ బెంచీల మీద బాతుల రెట్టలు తుడవాలి, మరుగుదొడ్డి కడగాలి. చిన్న పడవేసుకుని వెళ్ళి కలువ కాడలు కోసుకొచ్చి తడిగుడ్డలో చుట్టి పెట్టాలి. బురదలో కర్రతో పొడిచి చూసుకుంటూ తాబేలు ఎక్కడ దాక్కుందో పట్టుకురావాలి. ఎవరికైనా కాలు జారితే చెయ్యందివ్వాలి. ఇవేవీ పని కింద లెక్కలోకి రావు. పని అంటే పెద్ద పడవలో ముందు నిలబడి, చక్రం తిప్పుతూ మాట్లాడటం. అది ఆమె మొగుడు డెస్మండ్ చేస్తాడు.

డెస్మండ్ సముద్రం వైపు వాడు. పాదిరీల మిషను బడిలో పెరిగాడు, పాట బాగా పాడతాడు, మాట ఇంకా బాగా పాడతాడు. చెడ్డవాడు కాదు. కాకపోతే ఈ నీళ్ళు వాడివి కావు. మా నాన్నవి, అంటే నావీ, మా అక్కవీ. మా అక్క కూతురు కాబట్టి వీటిని కనిపెట్టి చూసుకునే బాధ్యత నోలీన్‌ది. తల్లి వైపు నేలకి కాపలా కూతురే, మా వాళ్ళలో అంతే.

పిండి పిసుకుతుంటే ఆమె చెవుల్లో వాడి మాటలే. "నా పెళ్ళాం నోరు విప్పదు, అందుకే చేసుకున్నాను" అంటాడు జనం పడవెక్కగానే. నవ్వుతారు. ఒకసారి వాడు ఒక కొంగని చూపించి ఏదో చెప్తుంటే, వెనకనుంచి నోలీన్ "అది కాదు" అంది. వాడు తిరిగి కూడా చూడలేదు. "నోలీన్, టీ నీళ్ళు మరిగాయేమో చూడు" అన్నాడు. నడి మడుగులో, పడవలో, టీ నీళ్ళెక్కడివి? ఒక్కరూ అడగలేదు. ఆమె మాత్రం లేచి వెనక బెంచీకి వెళ్ళి కూర్చుంది, లేని పొయ్యి మీద లేని నీళ్ళు మరగడం చూస్తున్నట్టు. తను లేచి ఎందుకు వెళ్ళిందో ఆమెకి ఇప్పటికీ అర్థం కాదు. వాడు అన్నందుకు కోపం లేదు, తన కాళ్ళు వాటంతటవే లేచినందుకు కోపం. ఆడపడుచు ఉందిగా, అది ఇంకో అడుగు ముందుకేసింది: "మా తమ్ముడు మాట్లాడేప్పుడు మధ్యలో నసగమాకు. వాడి నోట్లో తేనె ఉంది, నీ నోట్లో ఈ బురదేగా." పట్నం టూరు ఆఫీసు నుంచి ఫోనొస్తే, నోలీన్ గొంతు వినగానే, "డెస్మండ్‌ని పిలువమ్మా" అంటారు. అంతే, ఇంకో మాట ఉండదు.

ఇక నా జోకు ఒకటుంది. "మా నోలీన్ గొంతు విప్పిందంటే మొసళ్ళు సామాన్లు సర్దుకుని పక్క మడుగుకి పోతాయి!" దానికి జనం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. పడవలో నా ఉద్యోగం అదే, డెస్మండ్ ఊపిరి తీసుకునేప్పుడల్లా నవ్వించడం.

ఇవన్నీ పాతవి, పుండు మీద పక్కు కట్టినవి. కొత్తది నిన్న సాయంత్రం చేప తింటుండగా పడింది. "రేపు బస్సు వాళ్ళని కలువల మలుపుకి తీసుకెళ్తున్నా" అన్నాడు డెస్మండ్. "ఏ పడవా చూపించని చోటు చూపిస్తానని ఆఫీసుకి మాటిచ్చా."

మడుగు తూర్పు కొసన తెల్ల బెరడు చెట్ల మధ్యకి ఒక వంక తిరుగుతుంది, అదే ఆ మలుపు. అటు ఆడవాళ్ళే వెళ్తారు. అక్కడేముందో నాకు తెలీదు. తెలుసుకోవాలనుకున్న మగాడు మా ఇంట్లో ఇంకా పుట్టలేదు. పడుచుపిల్లగా ఉన్న నోలీన్‌ని మా అమ్మా, మా అక్కా వెంటబెట్టుకుని అటు వెళ్తుంటే, మేం మగాళ్ళం ఇటు తిరిగి కూర్చునేవాళ్ళం. నేను కూడా ఆ రోజు జోకు వెయ్యలేదు.

"అటు వద్దు" అంది నోలీన్.

"ఎందుకట?"

"వద్దు."

"వద్దంటే కారణం ఉండాలిగా. చెప్పు, వింటాను."

కారణం చెప్తే చెప్పకూడనిది చెప్పినట్టే.

"ఆడాళ్ళ చోటు, అంతేనా? దిగంలేవే. దూరంనుంచి చూపించి తిప్పేస్తా. చూస్తే అరిగిపోద్దా?"

చూస్తే అరిగిపోతుందా? ఆ మాట పట్టుకుని ఆమెకి పొద్దుటిదాకా నిద్ర లేదు. అరుగుతుంది. తన వంటింటిని, తన పక్కని, తన కడుపుని అందరూ చూసి చూసి తను అరగలేదా? ఒక్క చోటు మిగిలింది, ఎవరూ చూడనిది, ఎవరికీ వివరం చెప్పనక్కర్లేనిది. వాడు అక్కడ మోటారు ఆపి, చేత్తో చూపించి, తెలియనిది తెలిసినట్టు చెప్తాడు. వాళ్ళు ఫోటోలు తీసుకుంటారు. తను వెనక బెంచీ మీద కప్పులు సర్దుతూ ఉంటుంది. రేపు తన కూతుర్ని ఆ నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి ఏమని చెప్తుంది? ఇది మీ నాన్న పడవలో మూడో మజిలీ అనా? ఇది విని అమ్మ ఏమంటుంది? అమ్మ ఏమీ అనదు. మా వాళ్ళలో అత్తా అల్లుడూ ఎదురుపడకూడదు, మొహం చూసుకోకూడదు, ఒక నీడలో కూర్చోకూడదు. అందుకే డెస్మండ్ పడవ పని మొదలుపెట్టిన రోజే అమ్మ తన పొయ్యిని, పక్కని, కుక్కల్ని తీసుకుని రేవు వదిలి గుట్ట వెనక్కి వెళ్ళిపోయింది. నీళ్ళకి చుట్టుదారిన వస్తుంది. వాడి గొంతు వినిపిస్తే మొగలి పొదల వెనక నిలబడి, పడవ వెళ్ళేదాకా ఆగుతుంది. పుట్టినప్పుడు ఏ నీళ్ళలో స్నానం చేయించారో ఆ నీళ్ళ మీద అమ్మ పడవెక్కి ఎన్నేళ్ళయిందో.

సరిగ్గా అప్పుడు నేను వెళ్ళాను.

"ఏమే, అలా గుద్దుతున్నావు? ఆ పిండి గానీ నీ మొగుడి మొహంలా ఉందా?"

"నవ్వించకు మామా, ఏడుపొస్తోంది" అని ఉన్నదంతా చెప్పింది.

నా బుర్ర గురించి నేనే చెప్పుకోకూడదు గానీ, అది ఇలాంటప్పుడు చిచ్చుబుడ్డిలా వెలుగుతుంది. "ఓసి పిచ్చిదానా" అన్నాను, "మీ అమ్మ ఉండగా మనకి భయమేంటే?"

డెస్మండ్ ఏ పద్ధతినైనా పక్కన పెడతాడేమో గానీ అత్తగారి భయం మాత్రం ఎముకల్లో ఉంటుంది. మిషను బడిలో కూడా దాన్ని కడగలేకపోయారు. మా అక్క ఒక్కసారి ఒడ్డున మొగలి చెట్ల దగ్గర కనిపిస్తే చాలు, వాడు పడవ దిగి పరుగో పరుగు. "బస్సు రాగానే ఒడ్డున నిలబడమను. వాడు పారిపోతాడు. పడవ నేను తీసుకెళ్తా, కథలు నేనే చెప్తా, మలుపు వైపు తొంగి కూడా చూడను. నువ్వు హాయిగా వెనక కూర్చో." కబురు నోలీనే తీసుకెళ్ళాలి. మా అక్కతో నేను నేరుగా మాట్లాడను. ఆమె పేరు కూడా నా నోటితో పలకను, ఆమె దగ్గర్లో కూర్చోను. గడ్డం మొలిచాక అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ మాలో అదే మర్యాద.

నోలీన్ చేతికంటిన పిండి దులుపుకుంటూ నన్ను కాసేపు చూసింది. "అలాగే మామా" అంది. ఎంత బుద్ధిమంతురాలో అనుకున్నాను.

బస్సొచ్చింది. టోపీలు, కెమెరాలు, ముక్కులకి తెల్ల పూతలు. డెస్మండ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని పడవ ముందు నిలబడ్డాడు. నేను నా చోట, వాడి పక్కన. నోలీన్ వెనక, టీ పెట్టె దగ్గర.

"ఈ రోజు మీకు ఎవరూ చూపించంది చూపిస్తా" అని మొదలెట్టాడు. "ముందు నా భార్యని చూడండి. నోరు విప్పదు, అందుకే..."

ఆగిపోయాడు. మొగలి చెట్ల దగ్గర పువ్వుల గౌను, చేతికర్ర, వెనకాల మూడు కుక్కలు. డెస్మండ్ టోపీ మొహం మీదకి లాక్కుని, మాట సగంలో వదిలి, పడవలోంచి ఒడ్డుకి దూకి బస్సు వెనక్కి మాయమైపోయాడు. అంత మనిషి అలా పరిగెత్తుతుంటే, మొసలి తరిమిందేమో అని ఒకాయన నీళ్ళలోకి తొంగి చూశాడు. నాకు నవ్వాగడం లేదు. చక్రం ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాను.

"అయ్యలారా, అమ్మలారా, అసలు కథ ఇప్పుడు మొదలు..."

పడవ ఊగింది. ఎవరో ఎక్కారు. కర్ర చెక్క మీద తగిలిన చప్పుడు, పొగ వాసన, "జరగండమ్మా" అనే గొంతు. ఆ గొంతు ఎవరిదో నాకు మొహం చూడకుండానే తెలుసు. చూడకూడదు కూడా. మా అక్క వచ్చి మధ్య బెంచీ మీద, నా వెనకే కూర్చుంది. ఒక్క గెంతు గెంతాను. అటు ఒడ్డు ఉందో బురద ఉందో చూసుకోలేదు. బురదే ఉంది, మోకాళ్ళ దాకా.

నేను కాళ్ళు పీక్కునేలోపు నోలీన్ చక్రం దగ్గరికొచ్చింది. మోటారు అంటుకుంది. ఆ పిల్ల తొందరపడలేదు. డబ్బాతో నీళ్ళు ముంచి ఒక్కొక్కరి తల మీదా చిలకరించింది. తర్వాత నీళ్ళ వైపు తిరిగి, మా భాషలో పాతవాళ్ళని, పోయిన మా పెద్దల్ని, గట్టిగా పిలిచింది: నేనే, మీ మనవరాల్ని, అమ్మని తీసుకొచ్చాను, వీళ్ళు నా వెంట వచ్చినవాళ్ళు, వీళ్ళ వాసన గుర్తుపెట్టుకోండి. మా అమ్మ పోయాక ఆ పిలుపు అంత గట్టిగా నేను వినలేదు. బాతులు లేచాయి. మొసళ్ళేవీ ఎటూ పోలేదు. పడవ పడమటి వైపు తిరిగింది, మలుపుకి వీపు పెట్టి.

నేను పాక్కుంటూ బస్సు వెనక్కి చేరేసరికి డెస్మండ్ దాని చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. వాణ్ణి చూస్తే మళ్ళీ నవ్వొచ్చింది. తొడ కొట్టుకుని నవ్వాను. "ఎలా ఉందిరా దెబ్బ? ఆ ఉపాయం నాదేరోయ్!"

వాడు నా కాళ్ళ బురద కేసి చూశాడు. "నాకంటే అత్తగారు, దిగాను. నువ్వెందుకు దిగావు మామా?"

కాళ్ళ బురద గీక్కుంటూ కూర్చున్నాను. వాడు దూరంగా ఒక చెట్టు కింద, నేనొక చెట్టు కింద. ఉరుములు, ఉక్కపోత. నీళ్ళ మీద నోలీన్ గొంతు వినపడుతూనే ఉంది, ఆగి ఆగి, తొందర లేకుండా. ఒకసారి పడవంతా పగలబడి నవ్వింది. ఏం చెప్పిందో వినపడలేదు. నా గురించేనేమో అని లేచాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను.

పొద్దు వాలాక బస్సు వెళ్ళిపోయింది. మా అక్క ఇంకా పడవలోనే, మడుగు వైపు మొహం పెట్టుకుని, ఒక చెయ్యి నీళ్ళలో ఆడిస్తూ ఉంది. నోలీన్ ఒడ్డుకొచ్చింది. బస్సు జాడ పడిన చోట డెస్మండ్ వీపు తిప్పుకుని నిలబడ్డాడు.

"మలుపుకి వెళ్ళలేదు మామా" అంది.

"అది సరేలేవే. ఒడ్డున నిలబడితే చాలు, వాడు పారిపోతాడన్నాను కదా. పారిపోయాడు కూడా. మరి మీ అమ్మ పడవెక్కడం ఎందుకు?"

"డెస్మండ్‌కి ఒడ్డు చాలు మామా. ఎక్కింది నీ కోసం."

డెస్మండ్ వెనక్కి తిరక్కుండానే, మెల్లగా అడిగాడు: "మరి రేపు?"

"ఇన్నాళ్ళూ మర్యాదకి అమ్మ ఒక్కతే పక్కకి తప్పుకుంది" అంది నోలీన్. "రేపూ ఎక్కుతుంది. ఆ మధ్య బెంచీ ఆవిడకి నచ్చిందట."