పైనుంచి కిందికి

నేను ఒక బ్రష్‌ను. పళ్లు తోమేదాన్ని కాదు, గోడలకు రంగు వేసేదాన్నీ కాదు. సెలూన్లో జుట్టు కత్తిరించడం అయిపోయాక మెడ మీద రాలిన వెంట్రుకల్ని దులుపుతారే, ఆ మెత్తటి కుచ్చు బ్రష్‌ను. ఏటికొప్పాకలో బొమ్మలు చేసే ముత్యాలు నా పిడిని అంకుడు కర్రతో లేతు మీద తిప్పి, ఎర్ర లక్క పూసి, మేక వెంట్రుకలు బిగించాడు. బొమ్మలు చేసే చేతికి ఈ పని ఎందుకు తగిలిందంటే, అనకాపల్లిలో సెలూన్ నడిపే శ్రీరామ్మూర్తి అతనికి చిన్ననాటి స్నేహితుడు. స్నేహితుడి షాపు ప్రారంభానికి చేతిలో ఏదైనా పెట్టాలి కదా అని నన్ను చేసి ఇచ్చాడు.

పదకొండేళ్లు ఆ సెలూన్లో ఉన్నాను. వచ్చేవాళ్లలో లెక్చరర్లున్నారు, హమాలీలున్నారు, వార్డు మెంబరు కూడా ఉన్నాడు. ముఖాలు చూస్తే ఎవరి దర్జా వాళ్లది. మెడ మీద నేను తగిలేసరికి మాత్రం అందరూ ఒకేలా భుజాలు ముడుచుకుని పసిపిల్లల్లా నవ్వేవాళ్లు. ఇంకో సంగతీ గమనించాను. కుర్చీలో వెనక్కి వాలి, చెంపలకు సబ్బు నురగ పట్టించుకున్న మనిషి ఇంట్లో చెప్పుకోలేని మాటలన్నీ అక్కడ చెప్పేస్తాడు.

పెంటకోట నూకరాజు కథ నేను అలాగే విన్నాను.

నూకరాజుకు నలభై ఆరేళ్లు. సొంత కారు, తనే డ్రైవరు. ప్రతి ఆదివారం గడ్డం చేయించుకోవడానికి వచ్చి కారును సరిగ్గా షాపు ముందే ఆపేవాడు. తెల్ల కారు. బయటినుంచి ఎలా మెరిసేదంటే, మా దగ్గరికొచ్చిన కుర్రాళ్లు లోపలి అద్దం వదిలేసి దాని తలుపులో చూసుకుని జుట్టు సవరించుకునేవాళ్లు. లోపలి సంగతి వేరు. బెల్లం మార్కెట్ వ్యాపారులు ఎక్కినప్పుడల్లా సీట్ల సందుల్లో బెల్లం పొడి రాలేది, దానికి చీమలు పట్టేవి. పెళ్లిళ్లవాళ్లు అక్షింతలు, పూలరేకులు వదిలి వెళ్లేవాళ్లు. నూకరాజు అద్దానికి సెంటు సీసా ఒకటి వేలాడదీసి, అంతటితో లోపల కూడా శుభ్రమైపోయిందనుకునేవాడు. కనిపించేదాన్ని కడుక్కోవడం, కనిపించనిదానికి సెంటు కొట్టడం మనుషుల అలవాటు. నేను తప్పు పట్టను. మెడ వెనక ఏముందో కూడా వాళ్లకు తెలియదు.

నేను సెలూన్లో ఉన్న పదకొండో ఏడాది, ఎండాకాలం చివర్లో అతనికి ఒక బేరం కుదిరింది. టైలరింగ్ చేసుకునే కనకరత్నం కూతురు లిఖితకు ఎనిమిదేళ్లు. పిల్లకు రక్తంలో జబ్బు. వారం వారం విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకెళ్లి మందు ఎక్కించాలి. ఆ మందుతో ఒంట్లో తట్టుకునే శక్తి పడిపోతుంది, బస్సుల్లో జనం మధ్య తిప్పకండి అని డాక్టర్లు చెప్పారు. నూకరాజు వాళ్లను మూడుసార్లు తీసుకెళ్లాడు. నాలుగోసారి ఎండ మండిపోతోందని, పిల్ల సుఖంగా ఉంటుందని ఏసీ బాగా పెంచాడు. ఏసీ గాలి వచ్చే పలకల సందుల్లోంచి దుమ్ము లేచి పిల్ల ముఖాన పడింది. లిఖిత దగ్గడం మొదలుపెట్టింది. దగ్గి దగ్గి, పైన ఆ సెంటు ఘాటుకు వాంతి చేసుకుంది. రెండు రోజులకు జ్వరం. తొమ్మిది రోజులు ఆసుపత్రిలోనే ఉంచేశారు.

ఆ తర్వాత కనకరత్నం నూకరాజుకు ఫోన్ చెయ్యలేదు. వేరే కారు మాట్లాడుకుంది. అతన్ని ఒక్క మాట అనలేదు. అదే అతన్ని కోసింది.

"మావా," అన్నాడు ఒక ఆదివారం, శ్రీరామ్మూర్తి కత్తి దవడ మీద ఉండగానే. "నా కారు వల్లే ఆ పిల్లకి జొరం వచ్చిందేమో. తిట్టినా బాగుణ్ణు. ఏటీ అన్లేదు."

శ్రీరామ్మూర్తి కత్తి తీసి పక్కన పెట్టాడు. "డాక్టరుగోరేటన్నారు?"

"నాకెవులు చెప్తారు? అడగడానికి మొహం చెల్లట్లేదు."

ఆ వారమే ఇంకెవరినో ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు, అక్కడ ఒక నర్సమ్మను ఆపి, ఇలాంటి పిల్లలు ఎక్కే కారు ఎలా ఉండాలని అడిగాడట. దుమ్ము ఉండకూడదు, తడి ఉండకూడదు, ఏ సెంటూ కొట్టకూడదు, చేతులు తగిలే చోటల్లా తుడవాలి అని ఆమె నడుస్తూనే చెప్పి వెళ్లిపోయింది. వినడానికి నాలుగు ముక్కలే. చెయ్యబోతే తెలిసింది. మొదటిసారి బకెట్లతో నీళ్లు కొట్టాడు. సీట్ల లోపలి స్పాంజి నీళ్లు పీల్చుకుని నాలుగు రోజులు ముక్కిన వాసన. రెండోసారి అద్దాలన్నీ తళతళలాడేలా తుడిచి, తర్వాత పైకప్పు దులిపాడు. అద్దాలు మళ్లీ మొదటికొచ్చాయి. ఇక ఏసీ పలకల సందుల్లోకి గుడ్డ వెళ్లదు, పాత టూత్‌బ్రష్ పెడితే దుమ్ము ఇంకా లోపలికి పోతోంది.

ఈ గోడు చెప్పుకుంటుంటే శ్రీరామ్మూర్తి నాతో అతని మెడ దులుపుతున్నాడు. దులుపుతూ దులుపుతూ ఆగి నన్నొకసారి చూశాడు.

"ఇది పట్టుకెళ్లు. చెవి వెనకాల మడతలోకెళ్లేది, ఆ పలకల్లోకి ఎల్లదేటి?"

"నీ బ్రష్షు నాకెందుకు మావా?"

"నాకు ముత్యాలు ఇంకోటి చేస్తాడు."

నన్ను వేడినీళ్లలో సబ్బుతో మూడుసార్లు కడిగి, రెండు రోజులు ఎండబెట్టి మరీ ఇచ్చాడు. మెడలనుంచి కారుకు నా ఉద్యోగం మారింది.

నూకరాజు భార్య వరాలు బళ్లో మధ్యాహ్న భోజనం వండుతుంది. నూట ఎనభై మంది పిల్లలకు పన్నెండు కొట్టేసరికి అన్నం, పప్పు, గుడ్డు సిద్ధం చెయ్యాలి. నేను వచ్చిన రోజు ఆమె వాకిట్లో నిలబడి, మొగుడు కారు చుట్టూ తిరగడం చాలాసేపు చూసింది. ముందు సీటు కొంచెం, డిక్కీ కొంచెం, మళ్లీ ముందుకొచ్చి స్టీరింగు, గుడ్డ కోసం ఇంట్లోకి, నన్నెక్కడ పెట్టాడో వెతకడానికి మళ్లీ కారులోకి.

"ఏటయ్యా అది, కారు కడగతన్నావా, కారుకి ప్రదచ్చిణాలు చేస్తన్నావా?"

"నవ్వకే. నీకేటి తెలుసు కారు గురించి?"

"కారు గురించి తెల్దు. పని గురించి తెలుసు. నేనలా గిన్నె గిన్నెకీ పరిగెడితే నా పిల్లలు సాయంత్రం తింటారు." కొంగు బిగించి దగ్గరికొచ్చింది. "ముందు కారులో ఉన్నయన్నీ బయటికి తీసీ. కాగితాలు, సీసాలు, నీ తువ్వాలు, అన్నీ ఒక్క బుట్టలో పడీ. కాళ్ల కింద పట్టాలు తీసి ఎండలో పడీ, నువ్వు తక్కింది చేసేలోపు అవే ఎండుతాయి. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే కూర తరుక్కోవా? అలాగ."

"తర్వాత?"

"దుమ్ము పైకెల్తుందేటి, కిందకే కదా పడతాది? పైనుంచి కిందికి రా. పొడిగా దులిపినంతసేపూ తడిగుడ్డ ముట్టుకోకు. దుమ్మంతా దిగి, ఊడ్చీసేక అప్పుడు తడి. అదీ పిండిన గుడ్డ. డ్రైవరు తలుపు కాడ మొదలెట్టి చుట్టూ ఒక్కపాలే తిరుగు. ఎనక్కి రాకు."

ఆ రోజు గంటా ఇరవై నిమిషాలు పట్టింది. వరాలు చెప్పినట్టే చేశాడు. పైకప్పును పొడిగుడ్డతో మెల్లగా దులిపాడు. తర్వాత నా వంతు. ఏసీ పలకల సందులు, గేరు చుట్టూ ఉన్న మడత, అద్దాల మీటల మూలలు, సీటు కుట్లు. ఆ పలకల మధ్యనుంచి నేను లాగిన దుమ్ము చూసి నాకే ఆశ్చర్యమేసింది. పదకొండేళ్లలో ఏ మెడ మీదా అంత చూడలేదు. నేను దులిపేకొద్దీ అతను రెండో చేత్తో దుమ్ము లాగే చిన్న మిషను గొట్టాన్ని పక్కనే పట్టుకునేవాడు, లేచిన దుమ్ము లేచినట్టే అందులోకి పోయేలా. ఆ తర్వాత సీట్లు, నేల. చివర పిండిన గుడ్డతో స్టీరింగు, తలుపు పిడులు, బెల్టు బకిల్స్. అన్నిటికంటే చివర అద్దాలు. నాలుగు తలుపులూ బార్లా తీసి గాలికి వదిలేశాడు. సెంటు సీసా పీకి చెత్తబుట్టలో వేశాడు.

రోజూ చేస్తూ పోతే రెండు వారాలకు ముప్ఫై అయిదు నిమిషాలకు దిగింది. చెయ్యి తనంతట తనే తర్వాతి చోటికి వెళ్లేది.

కానీ కనకరత్నానికి మాత్రం ఫోన్ చెయ్యలేదు. ఇప్పుడు శుభ్రం చేశాను, రండి అని ఎలా అంటాడు? బేరం కోసం చేసినట్టుంటుంది. ఆమె కుట్టుమిషను పెట్టుకున్న వీధి గుండా వెళ్లాల్సి వస్తే కారును చుట్టూ తిప్పుకుని పోయేవాడు. నేను తలుపు అరలో పడుకుని ఆ మలుపులు లెక్కపెట్టేదాన్ని.

నాలుగు నెలలు అలాగే గడిచాయి.

ఒక గురువారం పొద్దున ఆరుంపావుకు ఫోన్ మోగింది. కనకరత్నం.

"అన్నయ్యా, మేం మాట్లాడుకున్న కారు స్టార్టవట్లేదంట. పాపని తొమ్మిదిన్నరకల్లా ఆసుపత్రిలో ఉంచాలి. ఈపాలి రక్తం మరీ తక్కువుంది. ఇంకెవర్నడగాలో తెలీక..."

"ఏడింటికి మీ గుమ్మంలో ఉంటాను సెల్లెమ్మా."

ఫోన్ పెట్టేసి కారు వైపు చూసి నిలువునా నీరైపోయాడు. ముందు రోజే అరకు వెళ్లొచ్చిన కుటుంబం దిగింది. అలసటతో అలాగే వదిలేశాడు. సీట్ల మీద బిస్కెట్ పొడి, నేలంతా ఎర్రమట్టి, వెనక అద్దం మీద పిల్లల చేతిముద్రలు.

వరాలు పొయ్యి దగ్గరనుంచి వచ్చింది. అతను గుడ్డ ఆమె చేతిలో పెట్టబోయాడు. ఆమె తీసుకోలేదు.

"నేను ముట్టను. కంగార్లో ఇద్దరం చేతులెడితే నువ్వు తుడిచిందే నేను తుడుస్తాను. నువ్వు చెయ్యి. టైము నేను చెప్తాను."

పట్టాలు ఎండలోకి వెళ్లాయి. బుట్ట నిండింది. పైకప్పు అయింది. "పది నిమిషాలు" అంది వరాలు. నూకరాజు చెయ్యి నా పిడి మీద ఒక్క క్షణం తడబడింది. నాకు తెలుసు అతను ఏమనుకుంటున్నాడో. ఏసీ పలకలు నిన్న పొద్దునే చేశాను కదా, ఈ ఒక్కసారికి వదిలేస్తే అయిదు నిమిషాలు కలిసొస్తాయి. పిల్లను కూర్చోబెట్టే వైపు పలకల ముందుకు వంగి చూశాడు. లోపలి సందులో అరకు మట్టి సన్నగా గీతలా పట్టి ఉంది. పళ్లు బిగించి నన్ను లోపలికి దూర్చాడు. ఒక్కో పలకా, ఒక్కో సందూ. నా వెంట్రుకలు రెండో మూడో తెగి రాలాయి. అంత గట్టిగా నన్ను ఎప్పుడూ పట్టుకోలేదు.

"ముప్ఫై మూడు" అంది వరాలు, పట్టాలు తెచ్చి అందిస్తూ.

కనకరత్నం గుమ్మంలో నిలబడి ఉంది. పక్కన లిఖిత, ముఖానికి మాస్కు, తలకు పూల గుడ్డ కట్టుకుని. కనకరత్నం తలుపు తీసి వెంటనే ఎక్కలేదు. లోపలికి వంగి గాలి పీల్చింది. సీటు మీద అరచేయి రాసి, ఆ చేతిని వెలుగులోకి పెట్టి చూసుకుంది. నూకరాజు ఎదురుగా రోడ్డునే చూస్తున్నాడు. ఆమె పిల్లను ఎక్కించింది.

"అమ్మా, ఈ కార్లో ఏ వాసనా లేదు" అంది లిఖిత.

నాలుగు నెలల చాకిరీకి అంతకంటే పెద్ద మెచ్చుకోలు నేను వినలేదు.

ఊరు దాటాక హైవే మీద లారీల పొగ. అద్దాలు ఎత్తక తప్పలేదు, ఎత్తితే ఉక్క. "ఏసీ ఎయ్యనా సెల్లెమ్మా?" అని అడిగాడు. ఆమె "చిన్నగా" అంది. మీట తిప్పాడు. గాలి మొదలైంది. ముందు అద్దంలో ఇద్దరు పెద్దవాళ్ల కళ్లూ ఒకే పిల్ల మీద ఉన్నాయి. లిఖిత ముక్కు ఎగబీల్చింది. ముఖం గాలి వైపు తిప్పింది. కళ్లు మూసుకుంది. లంకెలపాలెం దాటేసరికి తల్లి ఒళ్లో నిద్రపోయింది. నూకరాజు ఊపిరి వదిలాడు. అంతసేపూ బిగబట్టాడని అప్పుడే నాకు తెలిసింది.

మధ్యాహ్నం కనకరత్నం ఆసుపత్రిలోంచి వచ్చి కారు తలుపు దగ్గర నిలబడింది. మందు ఎక్కుతోందట, పిల్ల బాగానే ఉందట. నూకరాజు స్టీరింగు మీదనుంచి చేతులు తీయకుండానే అడిగేశాడు.

"ఆ యేళ పాపకి జొరం... నా కారు వల్లేనా అమ్మా?"

ఆమె తెల్లబోయి చూసింది. "మీకు చెప్పలేదు కదూ! కాదన్నయ్యా. మందెక్కించడానికి గుండె కాడ గొట్టమెట్టేరు కదా, అక్కడ చీము పట్టింది. డాక్టరమ్మ మూడో రోజే చెప్పీసేరు. ఆ దుమ్ముకి దగ్గిందని నాకు బెదురు పట్టుకుని వేరే కారు చూసుకున్నాను గానీ... మీరు ఇన్నాళ్లూ అదే అనుకుంటన్నారా?"

నూకరాజు స్టీరింగు మీదకు వంగి ఏడ్చాడు. కనకరత్నం కిటికీలోంచి చెయ్యి పెట్టి అతని భుజం తట్టింది. "ఊరుకోండి అన్నయ్యా. నేనొక్క మాట చెప్పి ఉంటే పోయేది" అని ఆమె కూడా కళ్లొత్తుకుంది. మనుషులు ఒకరినొకరు నొప్పించకూడదని నోరు మూసుకుని ఎంతెంత బరువు మోస్తారో! కాసేపటికి అతను ముఖం తుడుచుకుని, ఎదురుగా బడ్డీలో రెండు టీలు చెప్పాడు. నేను అతన్ని కలిశాక అతను తాగిన టీల్లో అంత నెమ్మదిగా తాగిన టీ అదొక్కటే.

తప్పు తనది కాదని తెలిశాక ఆ తుడుపు మానెయ్యొచ్చు. మానలేదు. పైగా కనకరత్నం చెప్పగా విని అలాంటి పిల్లల తల్లిదండ్రులు ఇంకో ఇద్దరు అతని నంబరు రాసుకున్నారు.

లిఖిత మందులు ముగిసి ఏడాది దాటింది. మొన్న పరీక్షకు తీసుకెళ్లాం. ఇప్పుడు తలకు గుడ్డ లేదు. ఒత్తుగా, గిరజాలుగా జుట్టొచ్చింది. డాక్టరమ్మ కాగితం చూసి, ఇక ఆరు నెలలకోసారి కనిపిస్తే చాలు, అందరు పిల్లల్లాగే తినొచ్చు, తిరగొచ్చు అందట. తిరుగు దారిలో బీచ్ రోడ్డు రాగానే పిల్ల సీటు మీద ఎగిరింది.

"మావయ్యా, ముంత మసాలా!"

కనకరత్నం కంగారుపడింది. "కార్లో వద్దమ్మా, దిగి తిందువు గానీ. మావయ్య కారంతా పాడవుతాది."

"కూర్చోనియ్యి సెల్లెమ్మా. ఇక్కడే తిననీ."

కాగితం పొట్లంలో మరమరాలు, ఉల్లిపాయ, నిమ్మకాయ, కారం. పిల్ల రెండు చేతులా తింది. మాటకు నాలుగు గింజలు రాలాయి, నవ్వుకు పిడికెడు. సీటు మీద, నేల మీద, గేరు మడతలో, నేనున్న అరలో నా మీద కూడా. నిమ్మరసం చెయ్యి అద్దానికి రాసుకుంది. నూకరాజు అద్దంలోంచి చూస్తూ, "రాలనీ తల్లీ, రాలనీ" అన్నాడు. అనకాపల్లి వచ్చేదాకా ఆ మాటే నాలుగైదుసార్లు అన్నాడు, ఎవరూ అడగకపోయినా.

నా వెంట్రుకలు ఇప్పుడు సగమే మిగిలాయి. పిడి మీద లక్క అక్కడక్కడ పెచ్చులూడింది. మర్నాడు పొద్దున అతను నాలుగు తలుపులూ తీసి, నన్ను చేతిలోకి తీసుకుని, సీటు కుట్టులో ఇరుక్కున్న మరమరాలను ఒక్కొక్కటే పైకి లేపాడు. దొరికినవాటిని చెత్తలో పడెయ్యకుండా గోడ మీద పిచ్చుకలకు పెట్టాడు. లోపల్నుంచి వరాలు "ఇంకా అవలేదేటయ్యా?" అని కేకేసింది. అవలేదు. గంటన్నర పట్టింది. మాకు తొందరేమీ లేదు.