టోపీ విన్న పిలుపు

నేను ఒక టోపీని. పెళ్లికొడుక్కి పనికిరాను, పోలీసుకూ పనికిరాను. ఎండను ఆపలేను, చలినీ ఆపలేను. సాగే గుడ్డ, దానికి కుట్టిన లోహపు బిళ్లలు, ఒక్కో బిళ్లకు ఒక్కో తీగ. అంతే నా ఒళ్లు. తలకు బిగిస్తే లోపల పుట్టే సన్నటి కరెంటును పట్టి కంప్యూటరుకు అందిస్తాను. అక్కడ అది గీతలై పరుగెడుతుంది. నన్ను ఈఈజీ టోపీ అంటారు. నోరు అబద్ధమాడినా నేను ఆడనని కొందరు గొప్పలు చెబుతారు. అదీ అబద్ధమే. ఫ్యాను తిరిగినా, దవడ కదిలినా నా గీతలు గెంతుతాయి. ఏది బుర్రో, ఏది ఫ్యానో మనుషులే తేల్చుకోవాలి.

ఏదో చలిదేశంలో నన్ను కుట్టారు. గుంటూరులో ఒక ఆసుపత్రి వెనకున్న పరిశోధనశాలలో దిగాను. నా మొదటి యజమాని ఏకాగ్రత మీద పరిశోధన చేసేవాడు. కాలేజీ కుర్రాళ్లకు నన్ను తొడిగి తెర వైపు చూడమనేవాడు. వాళ్లు ఏకాగ్రతగా నిద్రపోయేవాళ్లు. అయినా అతనికి డాక్టరేటు వచ్చింది. వచ్చిన రోజున నన్ను కడగకుండా సొరుగులో పడేసి స్వీట్లు పంచడానికి పోయాడు. కరెంటు అందడానికి బిళ్లల్లో నింపే జెల్లు ఎండి అట్టకట్టింది. అతని పేరు చెప్పను. ఆ గౌరవం అతనికి దక్కదు.

నన్ను బయటికి తీసింది ప్రసూన. నాడీశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల. పసిపిల్లల షాంపూతో నన్ను కడిగింది. పాత టూత్‌బ్రష్షుతో బిళ్ల బిళ్లా రుద్దింది. ఆమె ప్రశ్న చాలా చిన్నది. తలకు దెబ్బ తగిలి, కళ్లు తెరిచే ఉండి, పిలిస్తే పలకని మనుషులు ఉంటారు. వాళ్లు లోపల ఉన్నారా, లేరా?

మార్గం కూడా చిన్నదే. మనిషి తన పేరు వింటే బుర్రలో ఒక అల లేస్తుంది. పక్కవాడి పేరుకు అంత ఎత్తున లేవదు. ఇంటివాళ్ల గొంతుతో పేర్లు రికార్డు చేసి, కలగాపులగంగా వినిపించి చూడాలి. ప్రసూన ఎందరికో నన్ను తొడిగింది. అల రాలేదు. వాళ్లను ఇళ్లకు పంపేశారు.

ఆమె గైడు డాక్టర్ చక్రపాణి. తొందర మనిషి. “రాని అల మీద థీసిస్ ఏం రాస్తావమ్మా? టాపిక్ మార్చుకో,” అన్నాడు.

“ఇంకొక్క పేషెంటు సర్. ఈసారి కూడా రాకపోతే మార్చేస్తాను.”

ఆ ఒక్క పేషెంటు ఆదిలక్ష్మి. పల్నాడు మనిషి. మిరప కోతలకు పోయి వస్తుంటే ట్రాక్టరు బోల్తా పడింది. ఈ పరీక్షలో కూడా ఏమీ తేలకపోతే ‘స్పందన లేదు’ అని రాసి ఆమెనూ ఇంటికి పంపుతారు. ఆమెకు చేయవలసిన వైద్యం అక్కడితో ఆగిపోతుంది. ఆమె భర్త ఏడుకొండలు రోజంతా మంచం పక్కనే కూర్చునేవాడు. కూర్చోవడం తప్ప ఏం చేయాలో అతనికి తెలియదు.

పరీక్ష రోజున ఆదిలక్ష్మి తల నిగనిగలాడుతూ వచ్చింది. ప్రసూన వేలితో తాకి, తన తల పట్టుకుంది.

“నూనె పెట్టారా బాబాయ్?”

“పెట్టకుండా ఎట్టా తెస్తానమ్మాయ్? పెద్ద డాక్టర్లు చూసే తల. శుభ్రంగా ఉంచమని నువ్వే అన్నావుగా.”

“శుభ్రం అంటే నూనె లేకుండా!”

“నూనె లేని తల శుభ్రమా? అది దిక్కులేని తల.”

నూనె ఉంటే నా బిళ్లలకు కరెంటు అందదు. ప్రసూన బేసిన్ తెచ్చి, మంచం మీదే ఆ జుట్టంతా కడిగి, ఆరబెట్టి, నన్ను బిగించింది. ముందురోజు రికార్డు చేసిన ఏడుకొండలు గొంతు వినిపించింది. “ఆదిలక్ష్మి.” రేషను షాపులో పిలిచినట్టు ఉంది. మధ్యమధ్యలో వేరే పేర్లు.

చెవి వింటోంది. శబ్దానికి లేచే చిన్న గీత లేస్తూనే ఉంది. ఆ తరువాత లోపల తలుపు తీసేవాళ్లు లేరు. చక్రపాణి వచ్చి తెర చూశాడు. “అయిపోయిందమ్మా. రిపోర్టు రాసెయ్,” అని వెళ్లిపోయాడు. ప్రసూన రికార్డింగు ఆపేసింది. కళ్లు తుడుచుకుని నా పట్టీ విప్పబోయింది.

అప్పుడు ఏడుకొండలు పెళ్లాం నుదుటి మీద కారుతున్న జెల్లును తువాలుతో తుడుస్తూ కసిరాడు. “ఏమే కారంపూడీ, ఈ పిల్ల ఇంత కష్టపడతంటే పలకవేందే? అంత పొగరా?”

నా తీగలన్నీ ఒక్కసారి జిల్లుమన్నాయి. లోపల ఎవరో లేచారు! నాకు తెలిసింది. కానీ రికార్డింగు లేదు, గీత లేదు, నాకు నోరు లేదు. అంత ఆనందం, అంత ఉక్రోషం ఒకేసారి నేనెన్నడూ ఎరగను. ‘అడుగు, పిల్లా, అడుగు’ అనుకున్నాను.

ప్రసూన చేయి పట్టీ మీదే ఆగింది.

“కారంపూడి ఎవరు బాబాయ్?”

“ఇదే. దీని పుట్టిల్లు కారంపూడి.”

“మరి ఆదిలక్ష్మి?”

“అది కార్డులో పేరు. మా అమ్మ పేరూ అదే. అత్త పేరు పెట్టి కోడల్ని ఎట్టా తిడతాం? మా అమ్మ ఊరుకుంటదా? కాపురానికొచ్చిన రోజే కారంపూడి అన్నాం. ఇప్పుడు ఊరంతా అదే.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు పేరు అడిగావు. పేరు చెప్పా.”

ప్రసూన స్టూలు మీద కూలబడి నవ్వింది. మరుక్షణం లేచి రికార్డరు తెచ్చింది. “కారంపూడీ అని పిలవండి. తరువాత అదే గొంతుతో మాచర్లా, వినుకొండా, గురజాలా.”

“గురజాల మా తమ్ముడి పెళ్లాం. దాన్ని నేను పిలవకూడదు.”

“సరే, నకరికల్లూ అనండి!”

మళ్లీ మొదలైంది. ఒక్క పిలుపుకు ఏమీ తేలదు. పిలుపు మీద పిలుపు కలిపితే చెత్త అంతా పోయి అల మిగులుతుంది. మాచర్లకు గీత పడుకునే ఉంది. వినుకొండకూ అంతే. కారంపూడికి మాత్రం కొంచెం వీపు ఎత్తింది. ఇంకొంచెం ఎత్తింది. ప్రసూన గోళ్లు కొరుకుతోంది. చివరికి గీత నిటారుగా లేచి నిలబడింది. ఆమె కేక వేయలేదు. ఫ్యాను ఆపింది, వరస మార్చింది, మళ్లీ మొదటి నుంచి పెట్టింది. మళ్లీ లేచింది. అప్పుడు కేక వేసింది.

చక్రపాణి పరుగున వచ్చాడు. “ఫ్యాను అయ్యుంటుంది.”

“ఆపాను సర్.”

“దవడ?”

“కదల్లేదు సర్. చూడండి, మాచర్లకు లేదు!”

ఆయన తెర మీది గీతలను ఒక్కొక్కటే సరిచూశాడు. “ఇంతకుముందు ఇంటికి పంపినవాళ్లందరికీ కబురు పెట్టు. ఇంట్లో ఏమని పిలుస్తారో అడుగు. రిపోర్టు నేను రాస్తాను, ఈమె ఇక్కడే ఉంటుంది,” అన్నాడు. ఈ బుద్ధి ముందే ఉండవలసింది. ఆ తలలన్నీ నేను తొడుక్కున్నవే. ఆయన సంబరం ఆయనది, ఇంటికి పోయినవాళ్ల లెక్క నాది.

“అంటే, వింటందా?” అన్నాడు ఏడుకొండలు.

“మీ పిలుపు గుర్తుపట్టింది బాబాయ్! ఎంత అర్థమవుతోందో ఇప్పుడే చెప్పలేను.”

“ఎప్పట్నుంచి?”

“మొదట్నుంచీ కావచ్చు.”

అతని ముఖం మాడిపోయింది. “దీని గేదెను అమ్మేశానమ్మాయ్. నిన్న ఈ మంచం పక్కనే మా తమ్ముడితో చెప్పా. ఇది ఇంక లేవదు, పాలు పితికేదెవరు అన్నా.”

అతను వంగి, పెళ్లాం చెవి దగ్గర నోరు పెట్టాడు. “కారంపూడీ, గేదెను మళ్లీ తోలుకొస్తానే. నువ్వు లే.”

ఇప్పుడు నా సాగుడు వదిలింది, రెండు బిళ్లలు ఊగుతున్నాయి. అయినా రోజూ తలకెక్కుతున్నాను. ఇళ్లకు పోయినవాళ్లు ఒక్కొక్కరే తిరిగి వస్తున్నారు. ‘చిట్టెమ్మా’ అన్నా లేవని అల ‘ఓ పెద్దదానా’ అంటే లేస్తోంది. ప్రసూన గంతులేస్తోంది. ఆమె థీసిస్ ఇప్పుడు పరుగెడుతోంది. ఆదిలక్ష్మికి ఫిజియోథెరపీ మొదలైంది. మొన్న ఆమె చూపుడువేలు వంగింది.

ఏడుకొండలు మాత్రం ప్రసూన కనబడితే చాలు, అదే అడుగుతున్నాడు. “గేదె మాట విన్నదా అమ్మాయ్? కోపంగా ఉందా?”

పిలుపు విన్నదని నా తీగలు చెప్పగలవు. గేదె మాట విన్నదో లేదో, క్షమించిందో లేదో చెప్పే తీగ నాకు ఎవరూ కుట్టలేదు. కుట్టినా చెప్పను. ఆ మాట ఆమే లేచి అతని ముఖం మీద చెప్పాలి.