మేం ఓడ ఎక్కలేదు

మమ్మల్ని కాపాడడానికి వచ్చిన ఓడను చూడగానే నాకు ఒళ్ళు మండింది. అంత పెద్ద సరుకుల ఓడ తన దారి మళ్ళించుకుని నడిసముద్రంలో మా కోసం వస్తే, చేతులెత్తి దండం పెట్టాల్సింది పోయి ఈ మండిపాటేమిటని ఎవరైనా అడగవచ్చు. మేం పిలవలేదు. అదీ సంగతి.

పిలిచింది మా బావగారు, అంటే మా ఆయనకు అన్నగారు. మేం బయల్దేరిన రోజున ఆయన రేవుకు వచ్చి, మా పడవ ఎక్కడుందో తన ఫోనులో చుక్కలా చూపించే చిన్న పెట్టె ఒకటి స్వయంగా బిగించి వెళ్ళారు. వద్దన్నా వినలేదు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. మొన్నటి గాలివానలో ఆ పెట్టెలోకి ఉప్పునీళ్ళు పోయి అది కాస్తా చచ్చింది. అక్కడ ఫోనులో చుక్క ఆగింది. ఇంకేముంది, తమ్ముడూ మరదలూ మునిగిపోయారని ఆయన ఊరూవాడా ఏకం చేసి, సముద్రంలో చిక్కుకున్నవాళ్ళను వెతికించే ఆఫీసుకు ఫోను మీద ఫోను కొట్టారు. వాళ్ళు ఆ చుక్క ఆగిన చోటికి దగ్గర్లో పోతున్న ఓడను మా మీదికి తోలారు.

అప్పటికి మేం నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నామని అనను. గాలివానకు పెద్ద తెరచాప అడ్డంగా చిరిగిపోయింది. చిరిగింది గుడ్డ, నా కుట్టు కాదు. ఆ మాట ఎవరడిగినా అడగకపోయినా చెబుతాను. ముందున్న చిన్న చాపతో పడవ నత్తలా పాకుతోంది. ఎండ పడకుండా కట్టుకున్న మందపాటి గుడ్డను కోసి చిరుగు మీద అతుకు పెట్టి, నేను పడవ పైభాగాన కూర్చుని చేత్తో కుడుతున్నాను. లోపల నా కుట్టుమిషను ఉంది గానీ, ఆ ఊపులో దాని మీద అంత మందం కుట్టడం అయ్యే పని కాదు. బయల్దేరేటప్పుడే మా తోడికోడలు అంది, పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు ఆ మిషనెందుకని. ఆ పిల్లి కోసమే ఈ పెళ్ళి అని ఆవిడకు తెలియదు.

ఇన్నేళ్ళూ మేం బావగారి కొట్లో పనిచేశాం. కుర్చీల గలేబులు, లారీల మీద కప్పే టార్పాలిన్లు, పడవల తెరచాపలు కుట్టే కొట్టు అది. కుట్టేది నేను, కొలిచి కత్తిరించేది మా ఆయన, బోర్డు మీద పేరు బావగారిది. కొట్టు వెనక గదిలోనే మా కాపురం. బావగారు చెడ్డవారు కారు, అదే చిక్కు. చెడ్డవారైతే ఎప్పుడో నాలుగు దులిపి బయటపడేవాళ్ళం. ఏది అడిగినా ఇచ్చేవారు, ఎందుకో చెప్పించుకుని ఇచ్చేవారు. మా గది కిటికీకి ఏ రంగు తెర వేయాలో కూడా ఆయనే చెప్పేవారు. పిల్లా జెల్లా లేనివాళ్ళు, మీకు వేరే ఇల్లెందుకమ్మా అనేవారు.

కుట్టిన చాప సరిగ్గా నిలుస్తుందో లేదో చూడమని పడవలవాళ్ళు నన్ను నీళ్ళ మీదికి తీసుకెళ్ళేవారు. పడవ నడపడం అలా నేర్చుకున్నాను. ఈ లోకంలో మొట్టమొదట నా మాట విన్నది చుక్కాని. ఇక సముద్రం మీదికి పోలేనన్న ఒక ముసలి నావికుడు తన పాత పడవను మాకిచ్చేస్తూ, సముద్రానికి అవతల ఒక రేవుందనీ, అక్కడ తెరచాప పడవలు బోలెడనీ, చిరిగితే కుట్టే దిక్కు లేదనీ, గట్టు మీద ఒక షెడ్డు ఖాళీగా ఉందనీ చెప్పాడు. ఆ షెడ్డులో నా మిషను పెట్టాలి. మేం కోరుకున్న కొత్త బతుకంతా అంతే. విమానాలు లేవా అని ఎగతాళి చేశారు. విమానం దిగితే ఎవరో కుట్టుపనివాళ్ళు వచ్చారంటారు. నేను కుట్టిన చాపతో సముద్రం దాటి వెళ్తే నా పనితనం గురించి ఇంకెవడూ నోరెత్తడు.

ఓడ మా పక్కన కొండలా వచ్చి నిలబడింది. రేడియోలో కెప్టెను మర్యాదగానే మాట్లాడాడు. తాళ్ళ నిచ్చెన దించుతామన్నాడు. మనిషికి ఒక చిన్న సంచీ తెచ్చుకోవచ్చట. పడవను మాత్రం అక్కడే వదిలేయాలట, దాన్ని ఎత్తుకోవడం వాళ్ళ వల్ల కాదట. అంటే పడవ, మిషను, వాటితోపాటు ఆ షెడ్డు కూడా సముద్రం పాలే. అది చాలదన్నట్టు బావగారి కబురు కూడా చెప్పాడు. భయపడొద్దన్నారట. మా గది మా కోసం అలాగే ఖాళీగా ఉంచారట. దుప్పట్లు కూడా ఉతికించి పెట్టారట.

మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. పైగా పడవ కదిలిన దగ్గర్నుంచీ వాంతులతో పీక్కుపోయాడు. తాళ్ళు లాగి అరచేతులు బొబ్బలెక్కాయి. దుప్పట్ల మాట వినగానే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిచ్చెన వంక చూశాడు.

"వెళ్ళిపోదామే. బతికుంటే బలుసాకు తినొచ్చు," అన్నాడు.

"ఇన్నేళ్ళూ తిన్నది బలుసాకే కదండీ. మీరు వెళ్ళండి. కోపంతో అనడం లేదు, నిజంగానే చెప్తున్నా. నేను మాత్రం ఆ గదిలో మళ్ళీ అడుగు పెట్టను."

కోపంతో అనడం లేదన్నది అబద్ధం. కోపం, దాని కింద బోలెడు భయం. ఆయన ఆ నిచ్చెన ఎక్కి ఉంటే నేనేం చేసేదాన్నో నాకు ఇప్పటికీ తెలియదు. ఒంటిచేత్తో ఆ పడవను ఒడ్డుకు చేర్చడం నా తరమా? అయినా మాట వెనక్కి తీసుకోలేదు. రేడియో అందుకుని, శ్రమ ఇచ్చినందుకు క్షమించమనీ, మేం పిలవలేదనీ, నేను రాననీ కెప్టెనుతో చెప్పాను.

కెప్టెను ఒప్పుకోలేదు. మిమ్మల్ని జుట్టు పట్టి లాక్కెళ్ళలేను, చిరిగిన చాపతో వదిలేసీ పోలేను అన్నాడు. చివరికి ఒక షరతు పెట్టాడు. పొద్దు వాలేలోగా ఆ చాపను తన కళ్ళ ముందు ఎత్తి చూపించాలి. గాలికి నిలిస్తే తన దారిన తను పోతాడు. మళ్ళీ చిరిగితే మారు మాట్లాడకుండా ఓడెక్కాలి. నేను సరేనన్నాను. రోషం అలాంటిది, ముందు నోరు ఒప్పుకుంటుంది, లెక్క తర్వాత చూస్తుంది.

లెక్క చూస్తే కుట్టాల్సింది ఇంకా సగం ఉంది. పెద్ద చాపను మామూలుగా ఇద్దరు కుడతారు. ఒకరు ఇటునుంచి సూది గుచ్చితే రెండోవారు అటునుంచి లాగి తిరిగి గుచ్చాలి. ఒక్కరే అయితే కుట్టుకుట్టుకీ గుడ్డను తిరగేసుకోవాలి. కొట్లో నాకు ఎదురు కూర్చునేది తోడికోడలు. మా ఆయన సూది ముట్టి ఎరగడు, మన ఇంట మగవాళ్ళు సూది పట్టరని బావగారి శాసనం. పైన ఓడ కమ్మీల దగ్గర నావికులు వరసగా నిలబడి వీధి నాటకం చూస్తున్నట్టు చూస్తున్నారు. నేను తల వంచుకుని సూది గుచ్చి, లాగడానికి గుడ్డ కిందికి చెయ్యి పోనిచ్చాను. సూది అక్కడ లేదు. అవతలినుంచి ఎవరో లాగేశారు.

మా ఆయన చాపకు అటువైపు మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. సూది ఇటు గుచ్చాడు. వంకరగా వచ్చింది. వంకర పోతోందన్నాను. ఎక్కడ గుచ్చాలో చెప్పమన్నాడు. చెప్పాను, తిట్టాను, ఆయన విసుక్కున్నాడు, మళ్ళీ గుచ్చాడు. మధ్యలో ఒకసారి లేచి పడవ అంచుమీంచి వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని వచ్చి అదే చోట కూర్చున్నాడు. నిచ్చెన ఇంకా వేలాడుతూనే ఉంది. ఆయన మళ్ళీ అటు చూడలేదు. ఆ పూట మేం పోట్లాడుకున్నంతగా పెళ్ళయ్యాక ఎన్నడూ పోట్లాడుకోలేదు. నాకు అంత సంతోషంగానూ ఎన్నడూ లేదు.

ఎండ పసుపురంగుకు తిరిగే వేళకు చివరి ముడి వేశాను. ఆయన తాడు లాగాడు, నేను చుక్కాని పట్టుకున్నాను. చాప పైకెక్కి రెండుసార్లు టపటపా కొట్టుకుని గాలి పట్టింది. అతుకు ఉబ్బింది. కుట్టు పొడవునా కిర్రుమంది. ఆయన వేసిన వంకర కుట్లు నా కుట్ల పక్కనే బిగుసుకున్నాయి. ఏ ఒక్కటీ తెగలేదు. పడవ ఒక పక్కకు ఒరిగి పరుగందుకుంది. పైన ఎవరో ఈల వేశారు.

కెప్టెను మాట నిలబెట్టుకున్నాడు. నిచ్చెన పైకి లాగేశారు. ఇంటివాళ్ళకు ఏం చెప్పమంటారని రేడియోలో అడిగాడు. నేను చెయ్యి చాపేలోగా మా ఆయన రేడియో అందుకున్నాడు.

"బాగున్నామని చెప్పండి. కంగారు పడొద్దనండి."

అంతేననుకున్నాను. కానీ ఆయన బొటనవేలు మీట మీదినుంచి కదల్లేదు.

"ఆ గది మాత్రం ఖాళీగా ఉంచొద్దనండి అన్నయ్యను. ఎవరికైనా అద్దెకిచ్చేసుకోమనండి."

ఇదే మాట చెప్పమంటారా, కాస్త మెత్తగా చెప్పమంటారా అని కెప్టెను అడిగాడు. ఇదే చెప్పండి, ఒక్క ముక్క మార్చొద్దు అన్నాడు మా ఆయన. అన్నగారికి ఆయన ఎదురు చెప్పడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. నాకు ఏడుపాగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు. ఆయన రేడియో కట్టేసి, తాడు ఇంకాస్త బిగించనా అని అడిగాడు. బిగించమన్నాను.