ఉల్టా బాజూ స్పీకర్

కొండల్ కుడి చెవి పోయి రెండేళ్లు దాటింది. ఆ సంగతి డాక్టరుకు తెలుసు, కొండల్‌కు తెలుసు. కట్టుకున్న లీలమ్మకు కూడా చెప్పలేదు. లాల్‌దర్వాజాలో టీవీలూ స్పీకర్లూ బాగుచేస్తూ ముప్పై ఏళ్లు బతికిన మనిషి, చెవి పోయిందని ఏ నోటితో చెప్పుకుంటాడు? చూపు పోయిన దర్జీకి ఎవరైనా బట్ట ఇస్తారా?

బోనాల మైకుసెట్టు దగ్గర్నుంచి మొఘల్‌పురా షాదీఖానాల దాకా ఒకటే మాట ఉండేది, "కొండల్ చెవి పెట్టిండంటే ఇగ ఫికర్ లేదు" అని. గది మధ్యలో కుర్చీ వేసుకుని, కళ్లు మూసుకుని కూర్చునేవాడు. శబ్దం ఎటునుంచి వస్తే అటు చెయ్యెత్తి చూపించేవాడు. ఏ స్పీకరు గొంతు బొంగురుపోయిందో, ఏ తీగ వదులైందో లేవకుండానే చెప్పేవాడు. పిల్లలూ పెద్దలూ చుట్టూ చేరి తమాషా చూసినట్టు చూసేవాళ్లు.

ఒక్క చెవితో శబ్దం బాగానే వినబడుతుంది. అది ఎటునుంచి వస్తుందో మాత్రం తెలియదు. లోకంలోని చప్పుళ్లన్నీ కొండల్‌కు ఎడమ పక్కకే వచ్చి చేరాయి. అందుకని ఒక ఉపాయం పట్టాడు. ఎవరితో నడిచినా వాళ్లు తన ఎడమకు ఉండేలా సర్దుకునేవాడు. పని దగ్గర మాత్రం ఆ ఇంటివాళ్లనే అడిగేవాడు, "ఎటు ఒస్తుంది ఆవాజ్?" అని. వాళ్లు "సీదా బాజూ" అనో "ఉల్టా బాజూ" అనో చెప్పేవాళ్లు. పాతబస్తీలో కుడి చెయ్యి సీదా చెయ్యి, ఎడమ చెయ్యి ఉల్టా చెయ్యి. ఆటోవాడికి మలుపు చెప్పాలన్నా ఆ మాటలే. అలా ఊళ్లోవాళ్ల చెవులు అరువు తెచ్చుకుని రెండేళ్లు నెట్టుకొచ్చాడు.

అలాంటి రోజుల్లో మొఘల్‌పురా నుంచి అబ్దుల్ వాహెద్ కబురు పెట్టాడు. వాహెద్ అత్తరు వ్యాపారి, కొండల్ పెళ్లి కాకముందు నుంచీ దోస్తు. కాలేజీ చదివే కూతురు ముస్కాన్ గేములాడుతుంది. ఆమె కోసం కొత్త గేమ్ డబ్బా, పెద్ద టీవీ, గది చుట్టూ అయిదు స్పీకర్లు, వాటిని నడిపే రిసీవర్ కొన్నాడు. అసలు సంగతి అది కాదు. వాహెద్ మేనల్లుడు తబ్రేజ్ దగ్గర్లోనే గేమింగ్ హాలు తెరుస్తున్నాడు. ఇరవై టీవీలు, ఇరవై డబ్బాలు. వాటిని తగిలించే పనీ, తర్వాత రోజూ చూసుకునే పనీ ఒక్క మనిషికే ఇస్తాడట.

"ముందుగాల మనింట్ల చెయ్యి కొండల్ భాయ్. జుమ్మా నాడు తబ్రేజ్ వస్తడు, నీ పని ఇంటడు. నీ చెవి గురించి వానికి మస్తు చెప్పిన," అన్నాడు వాహెద్.

చెవి గురించే చెప్పాలా నాయనా, అనుకున్నాడు కొండల్. అయినా ఒప్పుకున్నాడు. టీవీ పాడైతే బాగుచేయించుకునే రోజులు పోయాయి. పారేసి కొత్తది తెచ్చుకుంటున్నారు. దుకాణం గడప ఎవరూ తొక్కక నెలయింది. ఈ పని దొరక్కపోతే షట్టరు దించి తాళం వేసుకోవడమే.

బుధవారం పొద్దున్నే పని మొదలుపెట్టాడు. పని విషయంలో అతనికి వంక పెట్టడానికి లేదు. చాలామంది గేమ్ డబ్బాను నేరుగా టీవీకి తగిలించి, చుట్టూ స్పీకర్లు మోగడం లేదని మొత్తుకుంటారు. కొండల్ డబ్బా తీగను ముందు రిసీవర్‌కిచ్చాడు. అక్కణ్నుంచి బొమ్మను టీవీకి పంపాడు. టీవీ వెనకున్న సాకెట్లలో ఏఆర్‌సీ అని రాసున్నదాన్ని వెతికి మరీ అందులో తీగ పెట్టాడు. టీవీలో సినిమా చూసినా ఆ శబ్దం అదే తీగ మీద రిసీవర్‌కు తిరిగి రావాలి గదా. డబ్బా సెట్టింగుల్లోకి వెళ్లి రెండు స్పీకర్లని ఉన్నదాన్ని అయిదుగా మార్చాడు. ఇదంతా ఈ వయసులో పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నాడు.

వచ్చిన చిక్కల్లా వెనక గోడ మీది రెండు స్పీకర్లతోనే. వాటి తీగలు ఇంటికి రంగులు వేసినప్పుడే గోడలోంచి లాగేశారు. రెండూ ఒకే రంగు. ఏది ఏ స్పీకరుదో గుర్తు పెట్టలేదు. కొండల్ అందాజుగా తగిలించి, రిసీవర్‌లో పరీక్ష శబ్దం పెట్టాడు. తెర మీద వెనక ఎడమ స్పీకరు బొమ్మ వెలిగింది. గదిలో ఎక్కడో బుస్సుమంది.

నిచ్చెనెక్కి స్పీకరు మీద అరచెయ్యి పెడితే అదురు తెలిసిపోయేది. కాని ముస్కాన్ పక్కనే నిలబడి చూస్తోంది. కొండల్ అంతటివాడు చేత్తో తడిమి చూసుకోవడమేంటని అడిగితే? పరువు అడ్డొచ్చింది.

"ఎటు ఒస్తుంది బేటా?" అన్నాడు, ఏదో ఆ పిల్లకు పని నేర్పుతున్నట్టు.

"ఉల్టా ఒస్తుంది అంకుల్," అంది ముస్కాన్.

బొమ్మ ఎడమది, శబ్దం ఎడమది. కొండల్ హమ్మయ్య అనుకున్నాడు.

"బరాబర్," అని శబ్దం ఆపేశాడు. ఎడమది ఎడమకు వస్తే కుడిది ఇంకెక్కడికి పోతుంది? ముస్కాన్ చాయ్ తెచ్చేసరికి సంచి సర్దేశాడు.

శుక్రవారం నమాజ్ అయ్యాక తబ్రేజ్ వచ్చాడు. మర్యాదస్థుడే. "సలాం చాచా" అని పలకరించి సోఫా మధ్యలో కూర్చుని, ఓ యుద్ధం ఆట పెట్టాడు. తెర మీది సిపాయి పాడుబడ్డ భవంతిలో నడుస్తున్నాడు. వెనకనుంచి అడుగుల చప్పుడు. తబ్రేజ్ సిపాయిని చప్పుడొచ్చిన వైపు గిర్రున తిప్పాడు. అక్కడెవరూ లేరు. రెండో వైపునుంచి తూటా వచ్చి తగిలింది. మళ్లీ ఆడాడు. మళ్లీ అంతే అయింది.

"ఎన్క స్పీకర్లు ఉల్టా ఉన్నయ్ చాచా," అన్నాడు నవ్వుతూ.

"ఉల్టా బాజూది ఉల్టా బాజూకే ఉంది బేటా. ముస్కాన్‌నే అడుగు. మొన్న తనే చెప్పింది."

ముస్కాన్ కంగారుపడింది. "ఉల్టా అంటే తారుమార్ అన్న అంకుల్. ఎడమ బొమ్మకు కుడి బాజూ మోగింది. మీరు బరాబర్ అన్నరు గదా. మీకు గూడ ఇనొచ్చింది, మారుస్తరు అనుకున్న."

ఒక్క మాట! రెండేళ్లుగా కొండల్ కాపాడుకొచ్చినదంతా ఒక్క మాట దగ్గర బోల్తా కొట్టింది. "మార్చుడు మర్చిపోయిన బేటా" అనేస్తే గండం గట్టెక్కేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఈలోగా వాహెద్ అందుకున్నాడు.

"అరే, కొండల్ భాయ్‌కి ఉల్టా సీదా తెల్వదా? మీ ఇద్దరి చెవులే కరాబ్. భాయ్, నువ్వు కూసో. కళ్లు మూస్కొని చెయ్యెత్తి సూపెట్టు వీళ్లకు!"

స్నేహితుడి పరువు నిలబెడుతున్నానని ఉబ్బిపోతున్నాడు పిచ్చి మారాజు. శత్రువైనా అంత పని చేసేవాడు కాదు.

తప్పించుకునే దారి లేదు. కొండల్ సోఫాలో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. పరీక్ష శబ్దం ఏ వరసలో వస్తుందో అతనికి తెలుసు. ముందు ఎడమ, తర్వాత నడుమ, ఆ తర్వాత కుడి, కుడి వెనక, ఎడమ వెనక. వేళ్లు లెక్కపెట్టుకున్నా గట్టెక్కొచ్చు. బుస్సుమంది. ముందు ఎడమకు చెయ్యి చూపించాడు. ఆగి మళ్లీ బుస్సుమంది. ఎదురుగా చూపించాడు. మూడోసారి ముందు కుడికి. నాలుగోసారి కుడి వెనక్కి చూపించాడు. అయిదోది మోగలేదు. గదిలో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

కళ్లు తెరిచాడు. తెర మీద నడిమి స్పీకరు బొమ్మ ఒక్కటే వెలుగుతోంది. తబ్రేజ్ చేతిలో రిమోట్ ఉంది. నాలుగుసార్లూ ఆ ఒక్క స్పీకరునే మోగించాడు.

ముస్కాన్ తల పక్కకు తిప్పుకుంది. కొండల్‌కు తల కొట్టేసినట్టయింది. ఎవరి మొహమూ చూడకుండా రిసీవర్ వెనక్కి వెళ్లి, వెనక స్పీకర్ల తీగలు రెండూ ఊడదీసి అటుది ఇటు, ఇటుది అటు పెట్టాడు. రెండు నిమిషాల పని.

వాహెద్ గుమ్మం దాకా సాగనంపాడు. కొండల్ ఎప్పుడూ ఎందుకు పక్క మారతాడో ఇప్పుడు తెలిసినట్టు, అతను సర్దుకోబోయేలోపే తనే అతని కుడినుంచి ఎడమకు తిరిగొచ్చాడు. ముప్పై ఏళ్లలో ఎన్నడూ లేనంత గట్టిగా, ముక్కముక్కగా చెప్పాడు.

"తబ్రేజ్ ఫోన్ చేస్తడు భాయ్! ఫికర్ చెయ్యకు!"

తర్వాత కుడి పక్కకు వెళ్లి, అక్కడికి వచ్చి నిలబడ్డ తబ్రేజ్‌తో గొంతు తగ్గించి ఏదో అన్నాడు. పెదాలు కదలడం కొండల్‌కు కనబడింది. తబ్రేజ్ బరువుగా తలూపాడు.

కొండల్‌కు ఒళ్లు మండింది. చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ అన్నాడు, "అబద్ధం ఇనొచ్చే దిక్కు చెప్తివి, నిజం ఇనరాని దిక్కు చెప్తివి. ఫిట్టింగ్ మంచిగ చేసినవ్ భాయ్."

జవాబు కోసం ఆగలేదు. సంచి భుజానికేసుకుని గల్లీలోకి దిగాడు. నాలుగడుగులు వేశాక ఎవరో పిలిచినట్టయింది. వాహెద్ కావచ్చు, కూరగాయల బండివాడు కావచ్చు. ఎటు తిరగాలో తెలియక సీదా నడిచి వెళ్లిపోయాడు.