ఇంజను నోట్లో నిమ్మకాయల దండ

శ్రీనివాసరాజు గారిని నేను టార్చిలైటుతో కొట్టానన్నది నిజమే, హెడ్ కానిస్టేబుల్ గారూ. కాదనను. ముందు ఆయనే కొట్టారు, అది కూడా రాసుకోండి. మెల్లగా చెబుతాను, ఊపిరి తీస్తే డొక్కలో పొడుస్తోంది.

నా పేరు ఆశాజ్యోతి. మాది నిడదవోలు. విమానాల ఇంజనీర్ని. అంతా సరిగ్గా ఉందని నేను సంతకం పెడితేనే విమానం లేవాలి. రాజుగారు రొయ్యల ఎగుమతిలో బాగా సంపాదించి, భీమవరం పక్కన సొంత చెరువులు నాలుగు పూడ్చి రన్‌వే వేయించారు. ఇదివరకు పెద్ద కారు కొంటే గొప్ప, ఇప్పుడు ఎనిమిది సీట్ల జెట్టు కావాలి. సెకండ్ హ్యాండుదే గాని మంచి బండి. ఆ రోజు దానికి పూజ. ముహూర్తం తొమ్మిదీ పన్నెండుకి. మొదట ఎక్కేది వాళ్లమ్మగారు, రత్నమాణిక్యం గారు. గోదారిని పైనుంచి ఒక్కసారి చూడాలని ఆవిడ కోరిక.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, రెక్కలకి పసుపు రాశారు. నేనేం అనలేదు. గుమ్మడికాయ ముక్కలు నేనే ఊడ్చాను. ఆఖరిసారి చూద్దామని టార్చి వేస్తే, ఎడమ ఇంజను నోట్లో నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చిన దండ. లారీ బంపరుకి కట్టినట్టు ఇనప తీగతో బిగించారు. ఆ ఇంజను తిరిగిందంటే ఎదురుగా ఉన్నదాన్నల్లా లోపలికి లాగేసుకుంటుంది. తీగ తగిలి లోపలి ఫ్యాను విరిగితే, అదీ గాల్లో ఉండగా విరిగితే, ఎక్కినవాళ్ల పని అయిపోయినట్టే. నాకు ఒళ్లు మండిపోయింది. పీకి నేలకేసి కొట్టాను, వచ్చిన చుట్టాలందరి ముందూ.

"మా అమ్మ తన చేత్తో గుచ్చింది," అని రాజుగారు చెంప మీద కొట్టారు. చెవి గుయ్యిమంది.

"ఇంకోటి కొట్టండి చూద్దాం," అన్నాను. కొట్టారు. టార్చితో ఆయన నుదురు పగలగొట్టాను.

ఇక ఆయన మనుషులు మీద పడ్డారు. జుట్టు ఎవరు పట్టుకున్నారో, డొక్కలో ఎవరు తన్నారో నాకు తెలీదు. రెండు పళ్లు ఊడితే ఊసేశాను. పైలట్ అశోక్ గారు మెట్ల మీద నిలబడి చూస్తున్నారు. "ఇంజను స్టార్ట్ చెయ్యకండి" అని ఆయన్ని చూసి అరిచాను. నన్ను రొయ్యల మేత గోడౌన్‌లోకి ఈడ్చుకుపోతుంటే, రాజుగారు నెత్తురు తుడుచుకుంటూ ఆ దండని మళ్లీ అక్కడే కట్టడం నా కళ్లతో చూశాను. బయట గొళ్లెం పెట్టేశారు.

అరగంట తలుపు బాదాను. ఎవరూ పలకలేదు. అప్పుడు ఇంజను కూత మొదలైంది. ఆ పెద్దావిడ లోపల కూర్చుని ఉంటుంది. మేత ఎత్తే పారతో గోడ రేకు పెకలించి బయటపడ్డాను. ఇదిగో, మోచెయ్యి అక్కడే తెగింది.

విమానం రన్‌వే వైపు కదిలిపోతోంది. చేతులూపాను. నెత్తురోడుతున్న పిచ్చిదాని మాట ఎవడు పట్టించుకుంటాడండి. మేత బళ్లు లాగే ట్రాక్టరే అక్కడ విమానాన్నీ లాగుతుంది. తాళం దానికే ఉంటుంది. ఎక్కి, ఎదురుగా పోనిచ్చాను. అశోక్ గారు బ్రేకు వేశారు. నేను వెయ్యలేదు. ముందు చక్రం విరిగి, విమానం ముక్కు నేలకి గుద్దుకుంది. స్టీరింగు నా ఛాతీలో దిగింది. ఇంజన్లు ఆగిపోయాయి. నాకు సంతోషమేసింది, నిజం చెబుతున్నాను. అందర్నీ బతికించాననుకున్నాను.

అశోక్ గారు కిందికి దూకారు. "మతిపోయిందా మీకు? ఆ దండ అప్పుడే తీసేశాం కదా," అన్నారు.

నన్ను కొట్టడం చూసి పెద్దావిడ కొడుకు మీద విరుచుకుపడిందట. "చదువుకున్న పిల్ల, ఊరికే చెబుతుందా" అని దగ్గరుండి విప్పించిందట. గోడౌన్ తలుపు కూడా తియ్యమందట. ముహూర్తం దాటిపోతోంది, వచ్చాక తీద్దాంలే అన్నారట వీళ్లు. నా మాట విన్నారండి అందరూ. విన్నామని నాకు చెప్పినవాడు లేడు.

ఆవిణ్ణి ఎత్తుకుని దించారు. సీటు బెల్టు ఎలా పెట్టుకోవాలో ఆవిడకి చూపించాల్సింది నేను. నేను గోడౌన్‌లో ఉన్నాను. ఆవిడ నుదురు చిట్లి ముఖమంతా నెత్తురు. చీర చెంగులో ఏదో మూట ఉంది. విప్పింది. నిమ్మకాయల దండ, తీగతో సహా.

"తీయించేశానమ్మా," అంది నాకు చూపించి. "నీకు చెప్పలేదా వీళ్లు?"

అంతే, కళ్లు మూసేసింది. ఇంకా తెలివి రాలేదని మీరే అన్నారుగా. కేసు ఏం రాసుకుంటారో రాసుకోండి, సంతకం పెడతాను. ఆవిడకి తెలివొస్తే మాత్రం, హెడ్ గారూ, ఈసారైనా ఎవరో ఒకరు వచ్చి నాకు చెప్పండి.