పద్మప్రియ మతిమరుపు

పదహారు ఎర్ర జెర్సీలు ఒక బకెట్‌లో, మొగుడు రాఘవేంద్ర తెల్ల చొక్కాలు వేరే తొట్టిలో నానాలి. ఈ విషయంలో పద్మప్రియ తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా పొరబడలేదు. అనంతపురంలో కొళాయి నాలుగు రోజులకొకసారి వస్తుంది. ఇంటిల్లిపాది బట్టలు జాడించిన నీళ్లనే దాచి జెర్సీలకు వాడేది, చివరికి మిగిలిన ఎర్రమట్టి నీళ్లు కరివేపాకు చెట్టుకు పోసేది. చుక్క నీరు కూడా గుర్తుపెట్టుకుని ఖర్చుచేసే ఈ మనిషికి ఇంట్లోవాళ్లు పెట్టిన పేరేమిటో తెలుసా? మతిమరుపుది.

"మా కోడలు మంచిదేమ్మా, మతే నిలవదు" అని అత్త యశోదమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేది. ఆ మాట వింటూ పద్మప్రియ తలొంచుకుని కాఫీ అందించేది.

ఆ పేరు ఊరికే రాలేదు, కష్టపడి సంపాదించుకుంది. 1997లో పెళ్లయ్యేనాటికే ఆమె మహిళా డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టరు. యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టులో లెఫ్ట్ వింగ్ ఆడిన పిల్ల. అత్తింటివాళ్లకు విడపనకల్లు దగ్గర భూములున్నాయి, రాజకీయాలున్నాయి. కాలేజీ ఉద్యోగం కాబట్టి ఒప్పుకున్నారు గానీ, ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే లెక్చరరని చెప్పి మాట మార్చేసేవాళ్లు. మరుసటేడు కదిరిలో ఆడపడుచు గృహప్రవేశమూ, తన కాలేజీ పిల్లల జట్టు మొట్టమొదటి మ్యాచూ ఒకే రోజు పడ్డాయి. అందరూ ముందురోజే వెళ్లారు, ఈమె పొద్దున బస్సుకు వెళ్లాలి. రానని చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. పుట్టింటి నుంచి నాయనను పిలిపిస్తారు, నలుగురిలో కూర్చోబెడతారు, ఉద్యోగం మాన్పిస్తారు. పద్మప్రియ తిన్నగా గ్రౌండుకు పోయింది. వాళ్లు తిరిగొచ్చాక, "అయ్యో, మర్చిపోయినానే" అంది. అరగంట తిట్టి, అన్నాలు తిని, ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. ఈ ఇంట్లో వద్దు అంటే పంచాయితీ, మర్చిపోయానంటే తిట్లు. తిట్లు చవకని ఆమెకు అప్పుడు అర్థమైంది.

ఇక చూడండి, ఆమె మరవని పనంటూ లేదు. జిల్లా పోటీలున్న రోజు మొగుడి పెద్దమ్మ సంవత్సరీకం మరిచింది. రాయదుర్గంలో మ్యాచ్ ఉన్న రోజు పెళ్లికి పట్టుచీర కట్టుకోవడం మరిచి, ట్రాక్ ప్యాంటుతోనే పందిట్లోకి వచ్చి నవ్వులపాలైంది. నవ్వుకోనీ అనుకుంది. ఆ బుర్రలో అసలు ఉన్నదేమిటో ఆ ఇంట్లో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. ఏ పిల్ల ఎడమ మడమ బలహీనమో, ఏ పిల్ల అన్నం తినకుండా వస్తుందో, ఎవరికి ఎకనామిక్స్ పేపర్ ఉండిపోయిందో, ఎవరింట్లో పెళ్లి మాటలు మొదలయ్యాయో అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. పరీక్ష తప్పినవాళ్లు మ్యాచ్‌కు బస్సెక్కకూడదని నియమం పెట్టింది. గ్రౌండు చుట్టూ పరిగెడుతూ ఒక పిల్ల ప్రశ్న అడగాలి, వెనకున్న పిల్ల రొప్పుతూ జవాబు చెప్పాలి. అట్లా ఆడుతూనే డిగ్రీ గట్టెక్కి టీచర్లయినవాళ్లున్నారు, పోలీసులైనవాళ్లున్నారు. నన్నడిగితే ఆ జిల్లాలో అంతటి పంతులమ్మ ఇంకొకరు లేరు.

ఆ గ్రౌండు మాత్రం ఏం గ్రౌండు! వానలేని నేల, పడితే మోకాలు చెక్కుకుపోయే గరుసు. అందుకే బంతి ముట్టేముందు ప్రతి పిల్లా చున్నీ నిండా గులకరాళ్లు ఏరాలి. తొమ్మిదేళ్లుగా ఏరుతూంటే మూల పోసిన రాళ్లు నడుమెత్తు కుప్పయ్యాయి. ఆమెకు ఇంకో నియమం కూడా ఉంది. గోల్‌కీపర్ లక్ష్మీప్రసన్న ఒకసారి బంతి వదిలేసి, కంట్లో ఎండ పడింది మేడమ్ అంది. "సాకు చెప్పొద్దు పాపా. వదిలేసినా అని చెప్పు. అట్ల చెప్పినోళ్లే ఇంకోటి పట్టుకుంటారు" అంది పద్మప్రియ. ఆ పిల్ల మళ్లీ ఎప్పుడూ ఎండ పేరెత్తలేదు.

లక్ష్మీప్రసన్న తండ్రి నాగేశ్వరయ్యది పాతూరులో చిల్లర అంగడి. కూతురిని ఆటకు పంపమని అడగడానికి పద్మప్రియ నాలుగుసార్లు ఆ అంగడి మెట్లెక్కింది. నాలుగోసారి ఆయన త్రాసు పక్కన పెట్టి, "ఆడించుకో మేడమ్. బజార్లో చూపించొద్దు. ఆ ఒక్క మాట ఇయ్యి" అన్నాడు. ఇచ్చింది. ఆయన ఒప్పుకున్నాడని తెలిసి మిగతా తండ్రులు మెత్తబడ్డారు. ఆ జట్టు మొత్తం ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది.

2006 మొదట్లో ఆ పిల్లలు యూనివర్సిటీ కప్పు కొట్టారు. పేపర్లో ఫోటో పడింది. తొమ్మిదేళ్లు పెళ్లాం ఉద్యోగం పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడిన రాఘవేంద్ర ఆ ఫోటో కత్తిరించి జేబులో పెట్టుకుని తిరిగాడు. ఎండాకాలం చివర జడ్పీటీసీ ఎన్నికలొచ్చాయి, టికెట్ ఆయనకే దక్కింది. ఒక మధ్యాహ్నం పదిమంది అనుచరులు భోంచేస్తూండగా, పద్మప్రియ వడ్డిస్తూండగా, ఆయన తలెత్తకుండానే అన్నాడు.

"గురువారం ప్రచారం మొదలుపెడతాండాం. మీ పిల్లోళ్లకు ఆ ఎర్ర అంగీలు తొడిగి, కప్పు చేతికిచ్చి జీపులెక్కించు. విడపనకల్లులో జనం నోరు తెరిచి చూడల్ల." అని, పప్పు వెయ్యమన్నాడు.

ఆమె "ఊ" అని పప్పు వేసింది. ఆ ఊ తలుచుకుని మూడు రోజులు తనను తనే తిట్టుకుంది. పిల్లలు జీపెక్కితే నాగేశ్వరయ్య కూతుర్ని ఇంట్లో కూర్చోబెడతాడు, అతని వెనకే పదిహేనుమంది తండ్రులు కూర్చోబెడతారు, రాళ్లకుప్ప తప్ప ఆ గ్రౌండులో ఏమీ మిగలదు. ఎక్కించనంటే ఇంట్లో ఏం జరుగుతుందో కదిరి నాడే ఆమెకు తెలుసు. అయినా నాకెందుకు భయం, నా దగ్గర మందుంది కదా, అనుకుంది.

గురువారం తెల్లారి కొళాయి వచ్చింది. పద్మప్రియ జెర్సీలన్నీ తెచ్చి బకెట్‌లో ముంచింది, ఒక్కటి కూడా పొడిగా ఉంచలేదు. కాలేజీలో రెండో జత లేదని మొగుడికీ తెలుసు. అయ్యో, ఈ రోజేనా, మర్చిపోయినానే. మాట నాలుక మీద సిద్ధంగా ఉంది. అరగంట తిట్లతో జట్టు బతికిపోతుంది.

బయట జీపులు హారన్లు కొడుతున్నాయి. ఇస్త్రీ మడత నలగని తెల్లబట్టల్లో రాఘవేంద్ర పెరట్లోకి వచ్చాడు. బకెట్ చూశాడు. ఆయన మొహం ఎర్రబడేలోపే వెనక నుంచి యశోదమ్మ, "మర్చిపోయింటుంది లేప్పా. దాని సంగతి నీకు తెల్దా?" అని సర్దింది.

"మర్చిపోయినావా?" అన్నాడు రాఘవేంద్ర.

తలుపు వాళ్లే తీసి పెట్టారు. ఆమె తల ఊపితే చాలు. కానీ ఆ క్షణాన పద్మప్రియకు లక్ష్మీప్రసన్న గుర్తొచ్చింది. ఇరవై ఏళ్ల పిల్ల, మోచేతులు చెక్కుకుపోయి, కళ్లలోకి చూస్తూ "వదిలేసినా మేడమ్" అని చెప్పే పిల్ల. ఆ పిల్లకు సాకు చెప్పొద్దని నేర్పి, తను తొమ్మిదేళ్లుగా ఎండ పేరు చెప్పుకుంటూనే బతుకుతోంది. ఒళ్లంతా సిగ్గేసింది. చేతులు చీర కుచ్చిళ్లకు తుడుచుకుని లేచి నిలబడింది.

"మర్చిపోల్యా. నేనే నానబెట్టినా. మా పిల్లోళ్లు జీపు ఎక్కరు. వాళ్ల నాయనలకు మాటిచ్చినా."

ఈ మాటకు ఏం తిట్టాలో రాఘవేంద్రకు తెలీదు, అలవాటు లేదు. జీపులు మళ్లీ హారన్ కొట్టాయి. సాయంత్రం వచ్చి చెప్తా నీ సంగతి అని గొణిగి వెళ్లిపోయాడు. నిజంగానే చెబుతాడు, నాయనను కూడా పిలిపిస్తాడు. పిలిపించనీ. పద్మప్రియ గూట్లోంచి ఈల తీసి మెడలో వేసుకుంది. గ్రౌండులో పిల్లలు ఈపాటికి రాళ్లు ఏరుతుంటారు.

యశోదమ్మ మాత్రం బకెట్ దగ్గరే నిలబడి ఉంది. ఆ ఎర్రనీళ్లకేసి చూసి, ఏదో లెక్క తేలనట్టు తలెత్తింది.

"అయితే పద్మా, ఆ పొద్దు కదిరి గృహప్రవేశం…?"

పద్మప్రియ గడప దగ్గర ఆగింది.

"ఒకటి కూడా మర్చిపోల్యా అత్తా."