దీపావళి వారంలో కొన్న ఫండ్

పుట్టింటి వైపు ఎవరూ లేని మనిషికి పరాయి దేశంలో ఒక అన్నయ్య దొరికితే ఎంత ధీమాగా ఉంటుందో శాంతిని అడగాలి. అమెరికాలో, నేపర్‌విల్‌లో పాతికేళ్ళుగా ఏ పని తలపెట్టినా ఆవిడ మొదట ఫోన్ చేసేది శ్యామ్‌సుందర్‌కే. కారు కొనాలన్నా ఆయనే, ఇంటి కప్పు బాగుచేయించాలన్నా ఆయనే. రక్తసంబంధం ఏమీ లేదు, భర్త శ్రీరామ్‌కి ఆఫీసు స్నేహితుడు. అయితేనేం, శ్రీరామ్ గుండెపోటుతో పోయిన రోజు హాస్పిటల్‌కి పరుగెత్తుకొచ్చి "నేనున్నానమ్మా" అన్నది ఆయనే.

శాంతికి రిటైరవ్వాల్సిన వయసు ఎప్పుడో దాటింది. ఇంకా ఫార్మసీలో రోజంతా నిలబడి మందులు ఇస్తూనే ఉంది. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. దూరాన రెడ్‌మండ్‌లో ఉన్న కూతురు స్మృతికి ఇప్పుడు ఆరో నెల. వచ్చి మాతోనే ఉండమని కూతురూ అల్లుడూ పిలుస్తున్నారు గానీ, అల్లుడి ఇంట్లో ఒక గదిలో సర్దుకుని బతకడం శాంతికి సుతరామూ ఇష్టం లేదు. వాళ్ళ ఇంటికి దగ్గర్లో చిన్న కాండో ఫ్లాట్ ఒకటి చూసి పెట్టుకుంది. ఉద్యోగం మానేసి, సొంత గుమ్మంలోంచి నడుచుకుంటూ వెళ్ళి పుట్టబోయే మనవరాలిని ఎత్తుకోవాలి. ఆవిడ కోరికల్లా అదే. డబ్బుకేం, ఫండ్ ఉంది కదా అనుకుంది.

ఆ ఫండ్ కూడా అన్నయ్య చలవే. శ్రీరామ్ పోయిన మరుసటి ఏడు, అంటే 2007లో, ఇన్సూరెన్స్ డబ్బు బ్యాంకులో ఊరికే పడి ఉంటే ఇండియా కంపెనీల షేర్లు కొనే ఒక క్లోజ్డ్-ఎండ్ ఫండ్ చూపించి, తన దగ్గరా ఉందన్నాడు శ్యామ్‌సుందర్. మన దేశం దూసుకుపోతోందన్నాడు. లక్ష్మీపూజ వారం మంచిది, ఈ వారంలోనే కొనెయ్, కొని మరిచిపో అన్నాడు. శాంతి తలంటు పోసుకుని, దీపం పెట్టి, బ్రోకర్‌కి ఫోన్ చేసి ఉన్నదంతా అందులో పెట్టేసింది. డోసు రెండుసార్లు సరిచూడందే మందు సీసా చేయి దాటనివ్వని మనిషి, ఆ రోజు ధరెంత, లోపలున్న సరుకు విలువెంత అని ఒక్క ముక్క అడగలేదు. అన్నయ్య చెప్పాక అడగడమేమిటి, తప్పు కదూ!

మూడు నెలలు తిరక్కుండానే మార్కెట్ కుప్పకూలింది. శాంతి భయపడి ఫోన్ చేసినప్పుడల్లా ఆయన "ఓర్చినమ్మకు తేటనీరు" అనేవాడు. తెలుగు సంఘం మీటింగుల్లో మైకు పట్టుకుని కూడా అదే పాట, లాంగ్ టర్మ్, లాంగ్ టర్మ్. శాంతి ముందు వరుసలో కూర్చుని తల ఊపేది. పద్దెనిమిదేళ్ళు ఓర్చింది పిచ్చితల్లి.

కిందటి వారం కాండో కోసం స్మృతి ఆ ఫండ్ లెక్క తీసింది. తీసి, తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, నువ్వు ప్రీమియం కట్టావు," అంది. "లోపల వంద డాలర్ల షేర్లు ఉంటే నువ్వు వన్ థర్టీ ఇచ్చావు. ఇప్పుడు అమ్మితే లోపలున్న ప్రతి వందకీ నీకు ఎయిటీ ఎయిట్ ఇస్తారు. ఇండియా బాగానే గ్రో అయింది. నీకే రాలేదు."

డివిడెండ్లన్నీ కలుపుకున్నా పద్దెనిమిదేళ్ళలో రూపాయికి రూపాయిన్నర కాలేదని తేలింది. ఏ ఆలోచనా లేకుండా మామూలు అమెరికా ఇండెక్స్ ఫండ్‌లో పడేసి ఉంటే కాండో కొనుక్కుని, కాలు మీద కాలు వేసుకుని కూర్చునేది. వంద సరుకుకి నూట ముప్పై ఎందుకిచ్చానని శాంతి అడిగితే, ఆ ఫండ్‌లో షేర్లు ఇన్నే అని ముందే ఖాయం చేసేస్తారని స్మృతి విడమరిచింది. అడిగినవాళ్ళకల్లా కొత్తవి ఇవ్వరు. ఒకరు కొనాలంటే ఇంకొకరు అమ్మాల్సిందే. శాంతికి చప్పున అర్థమైంది. తెనాలిలో పెరిగిన పిల్లకి బ్లాక్ టికెట్ల సంగతి ఒకరు చెప్పాలా? హాల్లో కుర్చీలు పెరగవు, ఎగబడే జనమే పెరుగుతారు.

అప్పుడైనా ఆవిడకి అన్నయ్య మీద కోపం రాలేదు. పాపం ఆయన కూడా మునిగాడు, బయటికి చెప్పుకోలేక ఓర్పు, ఓర్పు అంటున్నాడు అని జాలి పడింది. అమ్మెయ్యాలా, ఇంకా ఆగాలా అని ఆయన్నే అడుగుదామని ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వాళ్ళింటికి వెళ్ళింది.

శ్యామ్‌సుందర్ భార్య ఉష వడ్డిస్తోంది. ఫండ్ మాట వినగానే ఆవిడ గరిటె పట్టుకునే నవ్వింది.

"నువ్వింకా దాన్ని ఉంచావా శాంతీ? మీ అన్నయ్య ఆ ఏడు దీపావళి వారంలోనే మొత్తం అమ్మేశారుగా. ఆ డబ్బుతోనే కదా ఈ ఇల్లు కొన్నది."

శ్యామ్‌సుందర్ పెరుగు కలుపుకుంటున్నవాడు తల ఎత్తలేదు.

ఆ ఇంటి గృహప్రవేశం ఆవిడ మరిచిపోయేది కాదు. ఆడపడుచు పాలు పొంగించాలి. శ్యామ్‌సుందర్‌కి తోడబుట్టిన ఆడపిల్ల లేదు. భర్త పోయిన మనిషి చేత పాలేమిటని వచ్చిన ఆడవాళ్ళు గుసగుసలాడితే, "మా చెల్లెలే పొంగిస్తుంది" అని అందరి ముందూ గిన్నె తెచ్చి శాంతి చేతిలో పెట్టాడు. ఆ ఒక్క మాటకి ఇన్నేళ్ళూ మనసులో ఆయనకి దణ్ణం పెట్టుకుంటూ వచ్చింది. తీరా చూస్తే ఏముంది? తను ఎక్కువిచ్చి కొన్న వారంలోనే ఆయన అమ్ముకుని, ఆ డబ్బుతో తీసుకున్న ఇంట్లో తనచేతే పాలు పొంగించాడు మహానుభావుడు.

భోజనం అయ్యాక ముందు గదిలో అడిగేసింది. నన్ను కొనమన్న వారంలో మీరెందుకు అమ్మారని.

అప్పట్లో ఇంటికి అడ్వాన్సు కట్టాల్సి వచ్చిందన్నాడు. శాంతి కొన్నవి సరిగ్గా తన షేర్లేనని ఎవరూ చెప్పలేరన్నాడు. అది నిజమే, మార్కెట్లో అమ్మినవాడి పేరు కొన్నవాడికి తెలియదు. కానీ ఆ వారం ఆయన శాంతికే కాదు, సంఘంలో సగం మందికి ఇదే మంచిమాట చెప్పాడు. కొనేవాళ్ళు ఎగబడుతుంటేనే కదా అమ్మేవాడికి ధర నిలిచేది. నమ్మించి గొంతు కోయడమంటే వేరే ఏదో ఉంటుందా?

"అయినా ఫండ్ మంచిదేనమ్మా," అన్నాడు ఆయన, గొంతు సర్దుకుని. "ఇప్పుడు డిస్కౌంట్‌లో ఉంది. ఇప్పుడు అమ్మితేనే నష్టం. ఇంకో పదేళ్ళు హోల్డ్ చెయ్యి."

శాంతి ఆయన ముఖంలోకి చూసింది. ఏడుపు వస్తుందనుకుంది గానీ రాలేదు.

"అంత మంచిదైతే మీరే కొనండి అన్నయ్యా. నేను రేపు పొద్దున్న అమ్ముతాను. వంద సరుకు ఎనభై ఎనిమిదికే వస్తుంది. మీ దగ్గర డబ్బుంది. కొనండి."

వంటింట్లో ఉష గిన్నెల చప్పుడు ఆగిపోయింది. శ్యామ్‌సుందర్ కళ్ళజోడు తీసి తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"డెబ్బై రెండు వచ్చాయమ్మా నాకు. ఈ వయసులో అంత రిస్క్ ఎందుకు చెప్పు?"

"నాకు అరవై తొమ్మిది, శ్యామ్‌సుందర్ గారూ," అంది శాంతి.

పాతికేళ్ళలో ఆయన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. సోమవారం మార్కెట్ తెరవగానే ఫండ్ మొత్తం అమ్మేసింది. వచ్చిన డబ్బు కాండోకి చాలదని స్మృతికి ఫోన్ చేసి చెప్పి, ఫార్మసీకి వెళ్ళిపోయింది.